గోమార్లకు గోలీయా, చుక్కల మందా, బెల్టా? హైదరాబాద్ ఇళ్లలో ఏది ఎవరికి పనికొస్తుంది

గోమార్లంటే కుక్కల రక్తం తాగే పిడుదులు, ఇంగ్లీషులో టిక్స్. వాటికి ఏ మందో ముందు తేల్చి చెప్పేస్తాను, తర్వాత వివరాల్లోకి వెళ్దాం. ఇంట్లో ఒకటో రెండో కుక్కలున్నాయి, వాటికి ఫిట్స్ ఎప్పుడూ రాలేదు అంటే నమిలే గోలీయే మేలు, అదీ ఒకసారి వేసి ఊరుకోకుండా నాలుగైదు నెలలు వరసగా. రెండు నెలలు నిండని కుక్కపిల్ల అయితే డాక్టర్‌ని అడిగి స్ప్రే. ఫిట్స్ ఉన్న కుక్కకు వెన్ను మీద వేసే చుక్కల మందో మెడ బెల్టో. ఇంట్లో పిల్లి కూడా తిరుగుతుంటే పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నది ఏదీ గడప దాటి లోపలికి రాకూడదు. మనిషికి పట్టుకుంటే ఇవేవీ కాదు, సన్న మొన ఉన్న ట్వీజర్, సబ్బు నీళ్లు, ఆ రోజు తేదీ రాసి పెట్టుకోవడం, అంతే.

ఇక ఎందుకో చూద్దాం.

మన ఊళ్లో కుక్కలకు పట్టే గోమార్లలో ఎక్కువ శాతం ఒకటే జాతి, గోధుమ రంగులో ఉంటాయి, శాస్త్రీయ నామం రైపిసెఫాలస్ సాంగ్వినియస్. చాలా రకాల పిడుదులకు గడ్డీ గాదమూ పశువుల కొట్టాలూ కావాలి. దీనికి అవేవీ అక్కర్లేదు, మన నాలుగు గోడల మధ్యే పుట్టి, పెరిగి, గుడ్లు పెట్టి పోగలదు. "మా వాడు అసలు బయటికే వెళ్లడండీ, ఐదో అంతస్తు, ఎక్కడ్నుంచి వచ్చాయో అర్థం కావట్లేదు" అనేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. సెల్లార్‌లో కారు కింద పడుకునే వీధి కుక్క, లిఫ్టు ముందు రెండు నిమిషాల వాసన చూడడం, చాలు. కడుపు నిండా రక్తం తాగిన ఆడది కుక్క మీంచి దిగిపోయి, చీకటి సందు చూసుకుని, వేలల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పుట్టినవి మూడు దశల్లో మూడుసార్లు రక్తం తాగుతాయి, తాగిన ప్రతిసారీ కుక్క మీంచి దిగి ఇంట్లో ఎక్కడో దాక్కుంటాయి. పెద్దవి తిండి లేకుండా నెలల తరబడి ఆగగలవు. అంటే మీరు కుక్క ఒంటి మీద చూసేవి ఉన్నవాటిలో కొన్నే, మిగతావి గోడలో ఉన్నాయి.

నమ్మకం కుదరకపోతే ఒక రాత్రి లైట్లన్నీ ఆపి, కుక్క పడుకునే మూల దగ్గర టార్చ్ వేసి చూడండి. నేల వైపు కాదు, పైకి. ఈ జాతికి పైకి ఎక్కే అలవాటుంది. స్విచ్‌బోర్డు ప్లేటుకూ గోడకూ మధ్య సందు, తలుపు చౌకట్టు పక్కన సిమెంటు ఊడిన చోటు, కర్టెన్ రాడ్ వెనక, ఫొటో ఫ్రేము వెనక. బూడిద రంగులో ఉబ్బిన ఆముదం గింజలాంటిది మెల్లగా పాకుతూ కనిపిస్తే అది గుడ్లు పెట్టబోతున్న ఆడది. కొన్ని వారాలకు అదే సందులోంచి సూది మొనంత పిల్లలు, ఆరు కాళ్లవి, గోడ మీద గోధుమ రంగు పొడి చల్లినట్టు బయటికొస్తాయి. వాటిని చూశాక చాలామందికి ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవాలనిపిస్తుంది. అంత టెన్షన్ అక్కర్లేదు గానీ, వారం వారం షాంపూ స్నానంతో తీరే పని కాదని మాత్రం అప్పుడే అర్థమవుతుంది.

కాబట్టి ఏ మందైనా ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్న "ఇది పురుగుల్ని చంపుతుందా" అని కాదు, అన్నీ ఎంతో కొంత చంపుతాయి. గోడలో ఉన్న ప్రతి పురుగూ ఎప్పుడో ఒకప్పుడు రక్తం కోసం కుక్క మీదికి రావాల్సిందే, వచ్చినప్పుడు అక్కడ మందు ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఎన్నాళ్లు పనిచేస్తుంది, స్నానం చేయిస్తే పోతుందా, ఇంట్లో ఇంకెవరున్నారు, ఈ మూడూ చూసుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

నమిలే గోలీలు

బ్రావెక్టో, నెక్స్‌గార్డ్, సింపారికా అని షాపుల్లో దొరికేవి ఈ కోవలోవి. మూడింటిలో మందులు వేరైనా కుటుంబం ఒకటే, ఐసాక్సజోలిన్లు అంటారు. గోలీ వేశాక మందు కుక్క రక్తంలో తిరుగుతుంది, రక్తం తాగిన పురుగు నరాలు దెబ్బతిని ఒకట్రెండు రోజుల్లో చస్తుంది. నెక్స్‌గార్డ్, సింపారికా నెలకొకటి వేయాలి, బ్రావెక్టో ఒక్కటి 12 వారాలు పనిచేస్తుంది.

పెద్ద లాభం ఏంటంటే స్నానంతో సంబంధం లేదు. మన ఇళ్లలో కుక్కకు వారానికోసారి స్నానం లేకపోతే నానమ్మలు ఊరుకోరు, వానాకాలంలో బురద తొక్కి వస్తే రోజూ కాళ్లు కడగాలి, అలాంటి ఇంట్లో ఒంటి మీద పూసే మందు ఎంతకాలం నిలుస్తుందో మీరే ఊహించుకోండి. రెండో లాభం, పిల్లలు కుక్కను వాటేసుకుని పడుకున్నా చేతికి మందు అంటదు.

నష్టాలూ ఉన్నాయి. పురుగు కుట్టాక గానీ చావదు. గోలీ వేసిన మర్నాడు కూడా కుక్క మీద గోమార్లు కనిపిస్తే మందు నకిలీదని షాపువాడితో గొడవకి దిగకండి, గోడలోంచి కొత్తవి ఎక్కుతున్నాయి, తాగుతున్నాయి, చస్తున్నాయి, మొదటి నెలంతా ఇలాగే ఉంటుంది. రెండోది, ఎర్లీషియా అనే టిక్ ఫీవర్ క్రిమి పురుగు కుట్టిన కొన్ని గంటల్లోనే కుక్కలోకి దిగగలదు, కాబట్టి గోలీ వేసిన కుక్కకు టిక్ ఫీవర్ రానే రాదన్న హామీ లేదు, అవకాశం బాగా తగ్గుతుంది, అంతే. మూడోది ఫిట్స్. ఈ కుటుంబం మందులతో కొన్ని కుక్కలకు వణుకు, ఫిట్స్ వచ్చిన కేసులున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరిక ఇచ్చింది. అరుదే, ఎక్కువ కుక్కలు వాంతో విరేచనమో తప్ప ఏమీ లేకుండా తట్టుకుంటాయి, కానీ ఒక్కసారైనా ఫిట్స్ వచ్చిన కుక్కకు మీ అంతట మీరు కొని వేయకండి.

నెలదా, 12 వారాలదా? ఎదిగే కుక్కపిల్లకు నెలదే, బరువు నెలనెలా మారుతుంది కాబట్టి. మొదటిసారి వేస్తున్న కుక్కకు కూడా నాకు నెలదే నయమనిపిస్తుంది, పడకపోతే ఆ మందు ఒంట్లోంచి త్వరగా పోతుంది. తేదీలు మర్చిపోయే ఇంటికి, రెండు మూడు కుక్కలున్న ఇంటికి 12 వారాలది. ధర చూసి బెదిరిపోయేది కూడా దీని దగ్గరే, కానీ మూడుతో భాగించి నెలదాని పక్కన పెట్టి చూస్తే తేడా అంత ఉండదు. బ్రావెక్టో తిండితో పాటే వేయాలి, ఖాళీ కడుపున వేస్తే ఒంటికి సరిగా పట్టదు.

ఒక పొదుపు చిట్కా మనవాళ్లలో బాగా తిరుగుతుంది, పెద్ద కుక్క గోలీ కొని రెండు చిన్న కుక్కలకు విరిచి వేయడం. చేయొద్దు. గోలీని ముక్కలు చేయొద్దనే తయారీదార్లు చెబుతారు, కత్తితో కోసిన సగాల్లో మందు సమానంగా పడిందని ఎవరూ చెప్పలేరు. ఒక కుక్కకు తక్కువై పురుగులు పోవు, ఇంకో దానికి ఎక్కువై వణుకుతుంది.

వెన్ను మీద చుక్కలు

ఫ్రంట్‌లైన్ లాంటివి, మందు పేరు ఫిప్రోనిల్. చర్మం మీది జిడ్డులో కలిసి ఒళ్లంతా పాకుతుంది, పురుగు తగిలితే చస్తుంది. నెలకోసారి వేయాలి. గోలీ కన్నా చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఫిట్స్ ఉన్న కుక్కల విషయంలో డాక్టర్లు సాధారణంగా ముందు వీటి వైపే చూస్తారు.

పనిచేయలేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది దాన్ని జుట్టు మీద పోసినవాళ్లే. భుజాల మధ్య, నాకడానికి నోరు అందని చోట, జుట్టును రెండుగా పాయ తీసి తెల్లగా చర్మం కనిపించాక ట్యూబు మొన చర్మానికి ఆనించి పిండాలి. లాబ్రడార్, హస్కీ లాంటి దట్టమైన జుట్టుకు ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు పాయ తీయడానికి. వేయడానికి రెండు రోజుల ముందు, తర్వాత రెండు రోజులు స్నానం ఉండకూడదు, ముందు ఎందుకంటే షాంపూతో జిడ్డు పోతే మందు పాకడానికి దారి ఉండదు. పిల్లులకు ఇదే మందు వేరే మోతాదులో దొరుకుతుంది, కుక్కది పిల్లికి వేయకూడదు. కుందేలు ఉన్న ఇంట్లో దానికి ఫిప్రోనిల్ అసలు తగలనీయకండి, వాటికి అది విషం.

చుక్కల మందుల్లోనే పెర్మెత్రిన్ కలిసినవి కొన్ని ఉన్నాయి. వీటికి గోలీలకు లేని గుణం ఒకటుంది, పురుగు కుట్టకముందే దాన్ని చెదరగొడతాయి. ఊరి చివర ఫామ్‌హౌస్‌కి వారం వారం కుక్కను తీసుకెళ్లేవాళ్లకు బాగుంటుంది. కానీ పిల్లి ఒంట్లో పెర్మెత్రిన్‌ను విరిచే శక్తి లేదు. తడి ఆరని కుక్క వెన్నును పిల్లి నాకినా, దాని పక్కన ఒత్తుకుని పడుకున్నా వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. రెండూ ఉన్న ఇంట్లో ఈ రకం గురించి ఆలోచనే వద్దు.

మెడ బెల్టు

కిల్టిక్స్ లాంటివి నెలల తరబడి పనిచేస్తాయి, అందుకే ఖర్చు లెక్కలో ఇవే అన్నిటికన్నా కిందుంటాయి. ఒళ్లంతా మందు పాకడానికి కొన్ని రోజులు పడుతుంది, వదులుగా కడితే అసలు పాకదు, రెండు వేళ్లు దూరేంత బిగువు ఉండాలి, మిగిలిన కొస కత్తిరించేయాలి, లేకపోతే పక్క కుక్క నములుతుంది. పొలం, తోట కాపలా కుక్కకి, స్నానం తక్కువ చేసే కుక్కకి ఇది చక్కగా సరిపోతుంది. పాకే వయసు పిల్లాడు కుక్క మెడ పట్టుకు లేచి నిలబడి, అదే చెయ్యి నోట్లో పెట్టుకునే ఇంట్లో మాత్రం నేను పెట్టను. పిల్లికి కుక్క బెల్టు కట్టకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

స్ప్రే, షాంపూ, పౌడర్, ఇంకా ఆ ఇంజెక్షన్

ఫిప్రోనిల్ స్ప్రేకి ఒకే చోట ఎదురులేదు, మరీ చిన్న కూనల దగ్గర. ఫ్రంట్‌లైన్ స్ప్రే రెండు రోజుల కూనలకు కూడా వాడొచ్చు, అంత పసివాటికి గోలీలు వేయలేం. గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే బాల్కనీలో, ముఖానికి చేత్తో అద్దుతూ. షాంపూ ఆ పూటకి ఒంటి మీదున్న వాటిని దింపుతుంది, సాయంత్రానికి గోడలోంచి మళ్లీ ఎక్కుతాయి. గోమార్లతో నల్లబడిపోయిన కుక్కను రెస్క్యూ చేసి తెచ్చినప్పుడు మొదటి రోజు పనికొస్తుంది, అంతకు మించి ఆశించొద్దు. పౌడర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, సగం సోఫాకి, పావు వంతు కుక్క కడుపులోకి.

పెట్ షాపు దగ్గర తరచూ వినిపించే మాటలు ఇవి.

"భయ్యా, టిక్స్‌కి మంచి పౌడర్ ఇవ్వు."

"కుక్క ఎన్ని కిలోలుంటది మేడమ్?"

"పౌడర్‌కి కిలోలెందుకు?"

"పౌడర్ వద్దు మేడమ్, మళ్లా వారానికి వస్తరు. గోలీ ఇస్త, బరువు చెప్పండి."

బరువు అడిగే షాపువాడు దొరికితే వదులుకోకండి. ఇంట్లో వేయింగ్ మెషీన్ ఉంటే కుక్కను ఎత్తుకుని ఒకసారి, దింపేసి ఒకసారి నిలబడితే బరువు తేలిపోతుంది.

అమిట్రాజ్ అనే నీళ్లలో కలిపి ఒళ్లు తడిపే మందు పాతది, చవక, ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ కుక్క మత్తుగా పడిపోవచ్చు, షుగర్ ఉన్న కుక్కకు కుదరదు, పిల్లికి ప్రమాదం, డాక్టర్ చెప్పిన మోతాదు దాటకూడదు. పశువుల మందుల షాపులో దొరికే బ్యూటాక్స్‌లో ఉండేది డెల్టామెత్రిన్ అనే పురుగుమందు, ఎక్కువగా పశువులకు వాడేది. దాన్ని మూత లెక్కన బకెట్లో పోసి కుక్కను ముంచేవాళ్లున్నారు, చొంగ కారుస్తూ వణికే కుక్కల్ని ఆసుపత్రికి తెచ్చేదీ వాళ్లే. ఇక "ఒక్క సూదితో పోతాయి" అని పేరు పడిన ఐవర్‌మెక్టిన్. పేలకూ గజ్జికీ దానికి పేరుంది, గోమార్ల మీద నమ్మదగ్గ మందు కాదు, పైగా కోలీ జాతి కుక్కల్లో జన్యులోపం వల్ల మామూలు మోతాదు కూడా మెదడుకెక్కి చంపేయగలదు. ఇన్ని మంచి మందులున్న రోజుల్లో గోమార్ల కోసం ఆ రిస్క్ దేనికి?

ఇంటి వైద్యాల గురించి అమ్మలు కోప్పడకుండా చెప్పాలంటే: వేపనూనె, కానుగ నూనె వాసనకి కొన్ని పురుగులు దూరంగా ఉంటాయేమో గానీ ఇల్లు పట్టిన గోమార్లను వదిలించలేవు. పెద్దగా హాని లేదు, కుక్క జిడ్డోడుతూ మీ దుప్పటెక్కుతుంది, అంతే. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మాత్రం ఆపేయండి, కుక్క నాకుతుంది, కర్పూరం కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి. సీతాఫలం గింజల పొడి పేలకీ పిడుదులకీ పాత మందే, నిజంగానే పురుగుల్ని చంపుతుంది కూడా, కానీ కంట్లో పడితే కనుగుడ్డు మీది పొర పుండవుతుంది, మనిషికైనా కుక్కకైనా. తల విదిలించే జంతువు మీద అది చల్లడం ఎంత తెలివైన పనో ఆలోచించండి. వెల్లుల్లి తినిపించడం ఇంకో మాట, కుక్కల ఎర్ర రక్తకణాలను అది దెబ్బతీస్తుంది.

ఇల్లు: పెస్ట్ కంట్రోలా, మనమే చేసుకోవడమా

ఒకటీ అరా కనిపిస్తే పిలవక్కర్లేదు. కుక్కలన్నిటికీ ఒకే రోజు గోలీ వేసి, పడక గుడ్డలు బాగా వేడి నీళ్లలో ఉతికి, స్కర్టింగ్ వెంట, సోఫా కింద, మంచం కోళ్ల దగ్గర వాక్యూమ్ కొట్టి, ఆ సంచీని కవర్లో కట్టి బయట పడేసి, పగుళ్లను వాల్ పుట్టీతోనో వైట్ సిమెంటుతోనో పూడ్చేస్తే చాలు. పుట్టీ పనిని అందరూ వాయిదా వేస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే ఖర్చు అదే. కుక్కను ఇంట్లోంచి తీసేస్తే పురుగులు వాటంతట అవే పోతాయనుకుంటారు కొందరు. ఆకలేస్తే మనుషుల మీదికెక్కేది అప్పుడే. మందు వేసిన కుక్క ఇంట్లో తిరుగుతూ ఉండడమే మంచిది, గోడలోని పురుగులు ఒక్కొక్కటిగా దాని దగ్గరికే వచ్చి చస్తాయి.

గోడల మీద పిల్లలు పొడిలా పాకుతున్న దశకు వస్తే మనిషిని పిలిపించండి. పిలిచే ముందు రెండు అడగండి. ఏ మందు కొడతారు, రెండోసారి ఎప్పుడొస్తారు. గుడ్ల మీద ఈ మందులు సరిగా పనిచేయవు కాబట్టి రెండు మూడు వారాలకు మళ్లీ కొట్టాలి, "ఒక్కసారి చాలు సార్, గ్యారంటీ" అనేవాడిని అక్కడే ఆపేయొచ్చు. నేల మీద కాకుండా స్విచ్‌బోర్డుల చుట్టూ, చౌకట్ల వెనక, సీలింగ్ అంచుల్లో కొట్టాలని నిలబడి చెప్పించుకోండి. సాధారణంగా వాడేవి పైరెత్రాయిడ్ మందులు, అంటే పెర్మెత్రిన్ కుటుంబంవి, పిల్లులకూ చేపలకూ పడవు. అక్వేరియం ఉంటే పైన మూసి గాలి పంపు ఆపాలి, లేకపోతే ఆ పంపే మందును నీళ్లలోకి లాగుతుంది. పూర్తిగా ఆరేదాకా కుక్క, పిల్లి, పిల్లలు బయటే.

ఎన్ని చేసినా రెండు మూడు నెలలు పడుతుంది, ఒక తరం పురుగులు పూర్తిగా కరిగిపోవాలి కదా. గోలీలు నాలుగైదు నెలలు ఆపొద్దన్నది అందుకే. మన ఊళ్లో చలికాలం పురుగుల్ని చంపేంత చలి కాదు, ఇళ్లలో అసలే కాదు, కాబట్టి జనవరిలో మానేసి జూన్‌లో మొదలుపెడదాం అనే లెక్క ఇక్కడ కుదరదు.

మనిషికి పట్టుకుంటే

గండిపేట వైపు గడ్డిలో నడిచొచ్చాకో, వికారాబాద్ అనంతగిరి ట్రెక్ తర్వాతో, కుక్కతో మంచం పంచుకున్నాకో, చంకలో, నడుం పట్టీ దగ్గర, మోకాలి వెనక, పిల్లలకైతే చెవి వెనకా జుట్టు మొదట్లోనూ అంటుకుని ఉంటుంది. నొప్పి ఉండదు, కొత్త పులిపిరి అనుకుని గిల్లేవాళ్లే ఎక్కువ.

తీయడానికి నాలుగు దారులు జనం వాడతారు. వేళ్లతో పీకడం: పొట్ట నలిగి లోపలి ద్రవం పుండులోకీ మన వేళ్ల మీదికీ వస్తుంది, వద్దు. కిరోసిన్, నెయిల్ పాలిష్, వాసెలిన్, అగ్గిపుల్ల: అది ఊపిరాడక దానంతట అదే వదులుతుందని నమ్మకం, ఈలోగా గంటలు గడుస్తాయి, లోపలిది కక్కే ప్రమాదం కూడా, అసలు వద్దు. ట్వీజర్: చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర తల పట్టుకుని, మెలితిప్పకుండా, నిదానంగా నిటారుగా పైకి లాగాలి. కొక్కెంలా ఉండే టిక్ రిమూవర్: కుక్కల జుట్టులో ఇదే సులువు, దాన్ని మాత్రం కిందికి దూర్చి తిప్పుతూ తీస్తారు. మనిషికి కనుబొమ్మల ట్వీజర్ కన్నా సన్న మొన ఉన్నది కొని మందుల డబ్బాలో పడేయండి, అదొక్కటి చాలు. పొడిలాంటి పిల్లలు కాలి నిండా ఎక్కితే వెడల్పాటి సెలోటేప్ అంటించి లాగేయొచ్చు.

నోటి ముక్క లోపలే ఉండిపోతే సూదితో తవ్వకండి, చర్మమే బయటికి తోసేస్తుంది. తీసిన దాన్ని గోటితో నలపకుండా స్పిరిట్‌లోనో సబ్బు నీళ్లలోనో వేయండి, చోటు సబ్బుతో కడగండి, ఫోన్‌లో తేదీ రాసుకోండి.

ఇంటర్నెట్‌లో చూసి, టిక్స్ వల్ల వచ్చే లైమ్ జబ్బు అని హడలిపోయేవాళ్లకు ఒక మాట, అది అమెరికా, యూరప్ గోల, మన దేశంలో అరుదు. కర్ణాటక మలెనాడులో 1957లో బయటపడ్డ క్యాసనూర్ అడవి జ్వరం కూడా పశ్చిమ కనుమల వైపు ట్రెక్‌లకెళ్లేవాళ్లు పట్టించుకోవాల్సింది. మనకు సంబంధించింది ఇండియన్ టిక్ టైఫస్, రికెట్సియా క్రిమి వల్ల వచ్చేది, దాన్ని మోసే వాటిలో మన కుక్కల గోమారీ ఉంది. కుట్టిన ప్రతివాళ్లకీ రాదు, చాలామందికి దురద తప్ప ఏమీ ఉండదు, కాబట్టి కుట్టగానే యాంటీబయాటిక్ మింగే పని లేదు. కానీ రెండు వారాల లోపు గట్టి జ్వరం, తలనొప్పి, అరచేతులకూ అరికాళ్లకూ కూడా పాకే ఎర్రని మచ్చలు వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఆయన అడగకపోయినా "ఫలానా రోజు గోమారి కుట్టింది" అని చెప్పాలి. ఎందుకంటే వానాకాలంలో హైదరాబాద్‌లో జ్వరమంటే డెంగీ, మలేరియా, టైఫాయిడ్ టెస్టులే ముందు రాస్తారు, ఇందులో కూడా ప్లేట్‌లెట్లు పడతాయి కాబట్టి డెంగీ అనుకుని రోజులు గడిచిపోతాయి. టైఫాయిడ్‌కి ఎక్కించే సెఫ్ట్రియాక్సోన్ లాంటివి దీని మీద పనిచేయవు. పనిచేసేది డాక్సీసైక్లిన్, తొందరగా మొదలుపెడితే తొందరగా తగ్గుతుంది. పెద్ద ఆసుపత్రి ఖర్చు పెట్టుకోలేనివాళ్లకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉంది.

కుక్క నీరసపడితే

ఇక్కడ ఎంపికలేమీ లేవు, డాక్టరే. తిండి మానేయడం, ఒళ్లు కాలడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం, మూత్రం కాఫీ రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. టెస్టుల్లో మాత్రం ఎంపిక ఉంది. ప్లేట్‌లెట్లతో కూడిన మామూలు రక్తపరీక్ష, రక్తపు చుక్కను స్లైడ్ మీద చూడడం చవక, ముందు అవి చేయించండి. స్లైడ్‌లో ఏమీ కనిపించకపోతే జబ్బు లేనట్టు కాదు. పది నిమిషాల్లో ఫలితం చూపే కిట్ పాజిటివ్ వస్తే క్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకిందని అర్థం, ఇప్పటి జ్వరం దానిదేనా అన్నది ప్లేట్‌లెట్లతో కలిపి డాక్టర్ తేలుస్తారు. క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష ఖరీదు, కానీ ఇంకో టిక్ ఫీవర్ క్రిమి బబేసియా అనుమానం ఉంటే ఏ రకం బబేసియానో తెలియాలి, గిబ్సోనీ రకానికి మందులే వేరు. ఎర్లీషియాకి డాక్సీసైక్లిన్ దాదాపు 4 వారాలు వాడాలి, మూడో రోజు కుక్క లేచి తోక ఊపిందని మధ్యలో ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. ప్రైవేటు క్లినిక్ బరువనిపిస్తే నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ రెండూ ఉన్నాయి, క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి.

సెల్లార్ కుక్కల సంగతి

మీ కుక్కకు ఎంత ఖరీదైన గోలీ వేసినా కింద వాచ్‌మన్ గది పక్కన పడుకునే రెండు కుక్కలకు ఏమీ వేయకపోతే పురుగులు పైకి వస్తూనే ఉంటాయి. వాటికి బెల్టు నిలవదు, పోట్లాటల్లో ఊడిపోతుంది, చుక్కలు వేయడానికి అవి ఒళ్లు చేతికివ్వవు. 12 వారాల గోలీ ఒక్కటే కుదిరే పని, అపార్ట్‌మెంట్‌లో నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికీ పడే ఖర్చు కూడా తక్కువే. బరువు తూచలేం కాబట్టి ఫొటోలు తీసి డాక్టర్‌కి చూపిస్తే ఉజ్జాయింపుగా చెబుతారు, కడుపుతో ఉన్న ఆడకుక్క, పాలిస్తున్న కుక్క ఉంటే అది కూడా చెప్పండి. ఎముకల్లేని చికెన్ ముక్కలో గోలీ దూర్చి, ముందు ఒట్టి ముక్క ఒకటి వేసి, వెనకే గోలీది, దాని వెనకే ఇంకోటి వేస్తే నమలకుండా మింగేస్తాయి. ఒక్కో కుక్కను విడిగా పిలిచి వేయండి, లేకపోతే రెండో దాని వాటా కూడా మొదటిదే లాక్కుంటుంది, వేశాక కాసేపు నిలబడి చూడండి, కొన్ని మూల చాటుకెళ్లి చికెన్ తిని గోలీ ఉమ్మేస్తాయి.